నలభై మిషన్లకు ఒకే లాగిన్

చిరంజీవికి పెదనాన్న ఆశీస్సులు.

మహబూబ్‌నగర్ కాలేజీ ల్యాబులో నలభై లినక్స్ డెస్క్‌టాప్‌లకూ సర్వర్ నుంచే లాగిన్ పెట్టే పని నీ మీద పడిందని రాశావు. అందుకు ఫ్రీఐపీఏ అనే సాఫ్ట్‌వేర్ ఎంచుకోవడం మంచిదే. మనిషి ఎవరో చెప్పే ఎల్‌డ్యాప్, పాస్‌వర్డ్ సరిచూసే కెర్బెరోస్ రెండూ అందులోనే వస్తాయి. ఇన్‌స్టాల్ చేయడం ఒక పూట పని. దాని గురించి నేను చెప్పేదేమీ లేదు.

ముందు గడియారాలు చూడు. నవ్వకు. నల్లగొండలో ఒకసారి ఎండాకాలం సెలవుల తర్వాత ల్యాబు తెరిస్తే ఆరు మిషన్లు ఎవరి పాస్‌వర్డూ ఒప్పుకోలేదు. కేబుళ్లు పీకి మళ్లీ పెట్టాను, స్విచ్ మార్చాను, పాపం ఒక కుర్రాడిని పాస్‌వర్డ్ మరిచావా అని కసిరాను కూడా. మూడింటికి గానీ స్క్రీన్ మూల తేదీ నా కంట పడలేదు. ఎన్నో ఏళ్ల వెనకటిది! మిషన్ ఆపి ఉన్నప్పుడు గడియారాన్ని నడిపే, మదర్‌బోర్డు మీది రూపాయి బిళ్లంత బ్యాటరీ అయిపోయింది. సమయంలో 5 నిమిషాలకు మించి తేడా ఉంటే కెర్బెరోస్ మామూలుగా లోపలికి రానివ్వదు. అందుకే ప్రతి మిషన్‌లో గడియారం సరిదిద్దే క్రోనీ ప్రోగ్రామ్ పెట్టి, సమయం సర్వర్ నుంచే తీసుకునేలా చెయ్యి.

రెండోది పాత ఖాతాలు. సర్వర్‌లో ఉన్న పేరే మిషన్‌లోనూ ఉంటే చాలాచోట్ల మిషన్ తన పాత ఖాతానే పట్టుకుంటుంది. సర్వర్‌లో పాస్‌వర్డ్ మార్చినా పాతదే నడుస్తుంటుంది, నీకు పిచ్చెక్కుతుంది. వాటిని తీసేసి, వాళ్ల ఫైళ్లను కొత్త యూఐడీ (సర్వర్‌లో వాళ్ల ఖాతా నంబరు) పేర మార్చు. అన్నట్టు, లాగిన్ ఒకటైనంత మాత్రాన ఫైళ్లు మనిషి వెంట రావు. అది ఫైళ్లను నెట్‌వర్క్ మీద పంచే ఎన్‌ఎఫ్‌ఎస్ పని. ప్రిన్సిపాల్‌గారికి ఈ మాట ముందే చెప్పి ఉంచు.

ఒక్క మిషన్ మీద వారం రోజులు నడిపి చూశాకే మిగతావి ముట్టుకో. లాగిన్ నియమాలుండే పామ్ ఫైళ్లలో చెయ్యి పెట్టినప్పుడు, అన్ని అధికారాలూ ఉండే రూట్ ఖాతాతో టెర్మినల్ ఒకటి తెరిచే ఉంచి, రెండో కన్సోల్‌లో లాగిన్ అయి చూసుకో. నేను ఒకసారి తొందరపడి మూసేసి, పెన్‌డ్రైవ్‌తో బూట్ చేయాల్సి వచ్చింది. మిషన్ తరఫున సర్వర్‌ని అడిగే ఎస్‌ఎస్‌ఎస్‌డీలో క్యాష్, అంటే లాగిన్ వివరాలు మిషన్‌లోనే దాచుకునే ఏర్పాటు, ఉందో లేదో చూడు. ఉంటే సర్వర్ ఆగినా, ఆ మిషన్‌లో అంతకుముందు ఒకసారి లాగిన్ అయినవాళ్లు పని చేసుకోగలరు. సర్వర్‌తో సంబంధం లేని అడ్మిన్ ఖాతా ఒకటి ప్రతి మిషన్‌లో ఉండాలి. దాని పాస్‌వర్డ్ కవరులో పెట్టి అంటించి, ఆఫీసు బీరువాలో దాచు.

దసరా సెలవుల్లో దేవరకొండ, కల్వకుర్తి మీదుగా వస్తాను. ఈలోగా బ్యాటరీలు ఓ డజను కొని ఉంచు.

మీ పెదనాన్న