‘వెళ్ళు’ అన్న పోస్టరు, ఆలస్యంగా వచ్చిన ఓటు

మొదటి ప్రపంచయుద్ధ కాలంలో స్త్రీలను ఉద్దేశించి వెలువడిన ప్రచార పోస్టర్ల గురించి, ఆనాటి సంస్కరణోద్యమాల గురించి పాఠకులు పంపిన ప్రశ్నలను ఈ నెల ఒకచోట చేర్చి సమాధానాలు ఇస్తున్నాము.

ప్రశ్న: లండన్‌లో చదువుకుంటున్న మా అమ్మాయి అక్కడి మ్యూజియంలో చూసిన ఒక పోస్టరు ఫోటో పంపింది. కిటికీ దగ్గర ఇద్దరు స్త్రీలు, ఒక పిల్లవాడు నిలబడి, కవాతు చేస్తూ వెళ్తున్న సైనికులను చూస్తుంటారు. ‘వెళ్ళండి అంటున్నారు బ్రిటన్ స్త్రీలు’ అన్నది దాని మీది మాట. ఇటువంటి పోస్టర్ల వల్లనే స్త్రీలకు గుర్తింపు వచ్చి, యుద్ధం ముగిసేసరికి ఓటు హక్కు దక్కిందని ఆమె స్నేహితులు అంటున్నారట. నిజమేనా?
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

సమాధానం: అది 1915లో కీలీ అనే చిత్రకారుడు గీసిన పోస్టరు. యుద్ధం మొదలైన వెంటనే, 1914 ఆగస్టులో, సైన్యంలో చేరికలను పెంచడానికి ప్రధాన పార్టీల వారందరూ కలిసి ఏర్పరచుకున్న పార్లమెంటరీ రిక్రూటింగ్ కమిటీ దానిని అచ్చువేయించింది. అప్పటికి బ్రిటన్‌లో నిర్బంధ సైనిక సేవ లేదు కనుక, మగవాడు తనంతట తాను వచ్చి పేరు నమోదు చేయించుకోవాలి. అతడిని ఆపగలిగినది ఇంట్లోని తల్లి, భార్య, ప్రేమించిన అమ్మాయి కాబట్టి, ఆపే నోటితోనే ‘వెళ్ళు’ అనిపించాలన్నది కమిటీ ఆలోచన. అదే కమిటీ బ్రిటన్ స్త్రీలను నాలుగు ప్రశ్నలు అడుగుతూ బొమ్మ లేని పోస్టరు కూడా వేసింది. యుద్ధం ముగిశాక నీ భర్తనో కొడుకునో ‘నువ్వేం చేశావు’ అని ఎవరైనా అడిగితే, నువ్వు వెళ్ళనివ్వనందుకు అతడు తలదించుకోవాలా అన్నది అందులో చివరి ప్రశ్న. లండన్ యువతుల కోసం వేసిన మరో పోస్టరు, నీ స్నేహితుడు ఖాకీ దుస్తులు తొడుక్కున్నాడా, తొడుక్కోకపోతే అతడు నీకు తగినవాడేనా అని నేరుగానే నిలదీసింది.

వీటిలో ఏదీ స్త్రీకి హక్కును గాని, అభిప్రాయాన్ని గాని ఇవ్వలేదు. ఆమె చెప్పవలసిన మాటను ప్రభుత్వమే ముందుగా రాసిపెట్టి, ఆమె నోట పలికించింది. 1916 జనవరిలో నిర్బంధ సైనిక సేవా చట్టం వచ్చి, మగవాడి ఇష్టాయిష్టాలతో పని లేకుండా పోయాక, ఆమె నోటి మాటతో కూడా కమిటీకి పని లేకపోయింది. ఆ తరువాతి పోస్టర్లు స్త్రీని మందుగుండు కర్మాగారానికీ, పొలానికీ, రొట్టె తక్కువ తినమని చెబుతూ వంటింటికీ పిలిచాయి.

ఓటు సంగతి వేరే దారిలో నడిచింది. స్త్రీలకు ఓటు కావాలని సుమారు 1,500 మంది సంతకాలతో తత్వవేత్త, సభ సభ్యుడు అయిన జాన్ స్టూవర్ట్ మిల్ పార్లమెంటుకు విన్నపం అందించినది 1866లో, అంటే ఈ పోస్టరుకు దాదాపు 50 ఏళ్ళ ముందు. చెదురుమదురుగా ఉన్న సంఘాలన్నీ 1897లో ఒక జాతీయ సమాఖ్యగా కలిశాయి. మిలిసెంట్ ఫాసెట్ నాయకత్వంలో ఆ సమాఖ్య యుద్ధకాలంలో కూడా తన కార్యాలయాలను మూయలేదు. 1916లో ప్రభుత్వానికి ఒక చిక్కు వచ్చిపడింది: ఓటరు జాబితాలో పేరు ఉండాలంటే ఒకే చోట 12 నెలలు నివాసం ఉండాలన్న నియమం వల్ల, ఫ్రాన్సులో పోరాడుతున్న సైనికులే ఓటు కోల్పోయే పరిస్థితి ఏర్పడింది. జాబితాను ఎలాగూ తిరగరాయక తప్పదని తేలగానే, ఆ అవకాశం కోసమే కాచుకొని ఉన్న స్త్రీల సంఘాలు తమ మాటను కూడా ముందుకు తెచ్చాయి. ఏళ్ళ తరబడి స్త్రీల ఓటును అడ్డుకున్న మాజీ ప్రధాని ఆస్క్విత్, 1917 మార్చిలో, యుద్ధంలో స్త్రీలు చేసిన సేవ తన మనసు మార్చిందని సభలో చెప్పారు. ఓడిపోతున్న వాదన నుంచి పరువుగా తప్పుకోవడానికి రాజకీయవేత్తకు ఒక సాకు కావాలి, ఆయనకు అది దొరికిందని నా అనుమానం.

1918 ఫిబ్రవరి 6న వచ్చిన చట్టం ఎవరికి ఓటు ఇచ్చిందో చూస్తే మీ అమ్మాయి స్నేహితుల వాదన నిలవదు. 30 ఏళ్ళు నిండి, ఇంటి లేదా ఆస్తి అర్హత తమకు గాని తమ భర్తకు గాని ఉన్న స్త్రీలకే, అంటే సుమారు 84 లక్షల మందికే, అది వర్తించింది. పోస్టర్లు ఎవరి బొమ్మ వేసి కర్మాగారాలకు పిలిచాయో ఆ యువతులలో అత్యధికులు 30 ఏళ్ళ లోపు వారు. 21 ఏళ్ళు నిండిన మగవారందరికీ, యుద్ధంలో ఉన్నవారైతే 19 ఏళ్ళకే, ఓటు ఇచ్చిన చట్టమే వీరిని మాత్రం పక్కన పెట్టింది. అందరికీ సమానంగా ఇస్తే ఓటర్లలో స్త్రీల సంఖ్యే ఎక్కువవుతుందన్న భయం దీనికి కారణం. పురుషులతో సమానమైన ఓటు కోసం వారు 1928 వరకు ఆగవలసి వచ్చింది.

ప్రశ్న: యుద్ధానికి వెళ్ళని మగవారికి స్త్రీలు తెల్ల ఈకలు ఇచ్చి అవమానించేవారని చదివాను. ఓటు ఉద్యమకారిణులందరూ యుద్ధాన్ని సమర్థించారా?
– ఒక విద్యార్థి, గుంటూరు

సమాధానం: ఈకల ఉద్యమం స్త్రీల బుర్రలో పుట్టినది కాదు. 1914 ఆగస్టు చివర ఫోక్‌స్టన్ అనే సముద్రతీర పట్టణంలో ఛార్లెస్ ఫిట్జ్‌జెరాల్డ్ అనే విశ్రాంత అడ్మిరల్ 30 మంది స్త్రీలను కూడగట్టి, ఖాకీ దుస్తుల్లో కనిపించని యువకులకు తెల్ల ఈకలు పంచే పని అప్పగించాడు. పందెపు కోడి తోకలో తెల్ల ఈక కనిపిస్తే అది మేలు జాతిది కాదని, బరిలో నిలవదని ఇంగ్లండులో ఒక నమ్మకం ఉండేది. (సంక్రాంతికి గోదావరి జిల్లాల బరుల దగ్గర ఈకల రంగును బట్టి జరిగే వాదనలు ఎరిగినవారికి ఇది వింతగా తోచదు.) గాయపడి సెలవు మీద వచ్చి మామూలు దుస్తులు వేసుకున్న సైనికులకు కూడా ఈకలు అందడంతో, చివరకు 1916లో ప్రభుత్వం గాయాల వల్ల సేవ నుంచి వైదొలగిన వారికి వెండి బ్యాడ్జీలు ఇవ్వవలసి వచ్చింది.

రెండవ ప్రశ్నకు సమాధానం, ఓటు పోరాటంలో పేరొందిన ఒక్క పాంక్‌హర్స్ట్ కుటుంబంలోనే దొరుకుతుంది. తల్లి ఎమలీన్, పెద్ద కూతురు క్రిస్టబెల్ యుద్ధం రాగానే ఓటు పోరాటాన్ని ఆపి, ప్రభుత్వం పక్షాన నిలిచారు. స్త్రీలకు యుద్ధపు పనులలో అవకాశం ఇవ్వాలంటూ 1915 జులై 17న లండన్‌లో ఎమలీన్ నడిపిన భారీ ఊరేగింపుకు, అప్పటి మందుగుండు మంత్రి లాయిడ్ జార్జ్ ప్రోత్సాహమే కాక ప్రభుత్వ సొమ్ము కూడా తోడయింది. రెండో కూతురు సిల్వియా మాత్రం యుద్ధాన్ని మొదటి నుంచి చివరి వరకు వ్యతిరేకించింది. కుటుంబ పోషకుడు సైన్యంలోకి వెళ్ళగా భత్యం సమయానికి అందని ఇళ్ళు తూర్పు లండన్‌లో ఎన్నో ఉండేవి. వారి కోసం ఆమె చవక ధరకు భోజనం పెట్టే వంటశాలలు నడిపింది, ఉపాధి కోసం బొమ్మల తయారీశాల పెట్టింది. ‘గన్‌మేకర్స్ ఆర్మ్స్’ అనే పాత సారాయి దుకాణపు భవనాన్ని తీసుకొని, తల్లులకూ పసిపిల్లలకూ వైద్యశాలగా మార్చి, దానికి ‘మదర్స్ ఆర్మ్స్’ అని పేరు పెట్టింది. తుపాకులు చేసేవారి పేరు మీద ఉన్న ఇంటికి తల్లుల పేరు పెట్టడంలోని చురక ఆ వీధివారికి వివరించి చెప్పనక్కరలేకపోయి ఉంటుంది.

ప్రశ్న: మందుగుండు కర్మాగారాల పోస్టర్లలో స్త్రీలు నవ్వుతూ కనిపిస్తారు. లోపలి పరిస్థితి నిజంగా ఎలా ఉండేది?
– ఒక పాఠకుడు, వరంగల్

సమాధానం: ఆ కోవలో బాగా పేరొందిన పోస్టరు 1916లో సెప్టిమస్ స్కాట్ గీసినది. ఒక యువతి పనిబట్టలు తొడుక్కుంటూ ఉంటుంది, వెనుక ఒక సైనికుడు చేయి ఊపుతుంటాడు. ఆ తలుపు దాటితే పని 12 గంటల షిఫ్టు. టి.ఎన్.టి. అనే పేలుడు పదార్థాన్ని గుండ్లలో నింపే స్త్రీల చర్మం, జుట్టు పసుపు రంగుకు తిరిగేవి. ఊరిలో వారిని ‘కెనరీ పిట్టలు’ అని పిలిచేవారు. కాలేయం చెడి, విషపు కామెర్లతో ప్రాణాలు పోయినవారు కూడా ఉన్నారు. 1916 డిసెంబరు 5న లీడ్స్ నగరం దగ్గరి బార్న్‌బో కర్మాగారంలో ఒక గుండు పేలి 35 మంది స్త్రీలు చనిపోతే, సెన్సారు వల్ల ఆ వార్త యుద్ధం ముగిసేదాకా జనానికి సరిగా తెలియనే లేదు.

అయితే ఈ చీకటి లోపల సంస్కర్తలకు ఒక సందు దొరికింది, ఈ విషయంలో నాకు అన్నిటికంటే ఆసక్తికరంగా తోచేది అదే. బ్రిటన్‌లో మొదటి మహిళా ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టర్లు నియమితులైనది 1893లో. పనివారికి మరుగుదొడ్లు, చేతులు కడుక్కునే చోటు, కూర్చొని తినడానికి గది కావాలని వారు ఏటా నివేదికలు రాస్తూనే ఉన్నారు, యజమానులు ఖర్చు పేరు చెప్పి దాటవేస్తూనే ఉన్నారు. 1915లో మందుగుండు కార్మికుల ఆరోగ్యంపై జార్జ్ న్యూమన్ అధ్యక్షతన ఏర్పడిన కమిటీ, అలసిన మనిషి ఎక్కువ గంటలు పనిచేసినా తక్కువ గుండ్లే తయారవుతాయని లెక్కలతో చూపించింది. అంతవరకు దయాధర్మంగా ఎంచిన కోరికలు ఆ లెక్కతో ఉత్పత్తికి అవసరమైనవిగా మారిపోయాయి. వెంటనే క్యాంటీన్లు, వైద్యులు, సంక్షేమ పర్యవేక్షకులు వచ్చారు. కూలి విషయంలో మాత్రం అంత తేలికగా పని జరగలేదు. 1906లో మహిళా కార్మికుల సమాఖ్యను స్థాపించిన మేరీ మెక్ఆర్థర్, మగవాడి పని చేసే స్త్రీకి మగవాడి కూలి ఇవ్వాలని ఒక్కొక్క ఉత్తర్వు కోసం పోరాడవలసి వచ్చింది. చాలాచోట్ల గంటల కూలిలో తేడా అలాగే మిగిలింది. యుద్ధం ముగిశాక 1919లో వచ్చిన చట్టం, యుద్ధానికి ముందున్న పద్ధతులను కర్మాగారాలలో తిరిగి నెలకొల్పాలని ఆదేశించడంతో, స్త్రీలు ఆ ఉద్యోగాలను ఖాళీ చేయవలసి వచ్చింది. నిరుద్యోగ భృతి అడిగినవారిని ఇళ్ళలో పనిమనుషులుగా చేరమన్నారు.

ప్రశ్న: తలకు ఎర్ర రుమాలు కట్టుకొని, చొక్కా చేయి పైకి మడిచి కండ చూపించే స్త్రీ బొమ్మ కూడా ఈ కాలానిదేనా?
– ఒక పాఠకురాలు, తిరుపతి

సమాధానం: కాదు, అది రెండవ ప్రపంచయుద్ధ కాలపు అమెరికా బొమ్మ. జె. హోవర్డ్ మిల్లర్ దానిని వెస్టింగ్‌హౌస్ కంపెనీ కోసం గీశాడు. 1943 ఫిబ్రవరిలో, అప్పటికే ఆ కంపెనీలో పనిచేస్తున్నవారి ఉత్సాహం కోసం, లోపలి గోడల మీద రెండు వారాలు మాత్రమే అంటించారు. కొత్తగా స్త్రీలను చేర్చుకోవడానికి వేసినది కాదు. అది స్త్రీవాదానికి గుర్తుగా ప్రపంచమంతా తిరగడం 1980ల తరువాతి సంగతి.

ప్రశ్న: యుద్ధకాలపు ప్రభుత్వం స్త్రీని ఎప్పుడూ పొగిడిందేనా? అనుమానించలేదా?
– ఒక పాఠకురాలు, కాకినాడ

సమాధానం: అనుమానించింది. దేశం కోసం కొడుకును పంపిన తల్లి ఒక గోడ మీద ఉంటే, సైనికుడికి రోగం అంటించే స్త్రీ చట్టంలో ఉండేది. సుఖవ్యాధుల నెపంతో రేవు పట్టణాలలో, సైనిక శిబిరాల దగ్గర స్త్రీలను పోలీసులు పట్టుకొని బలవంతంగా వైద్య పరీక్షలు చేయించే చట్టాలు 1864 నుంచి అమలులో ఉండేవి. జోసెఫిన్ బట్లర్ చాలా ఏళ్ళు ఉద్యమించి 1886లో వాటిని రద్దు చేయించింది. 1918 మార్చిలో దేశరక్షణ నిబంధనల కింద 40డి అనే కొత్త నిబంధన తెచ్చి, సుఖవ్యాధి ఉన్న స్త్రీ సైనికుడితో కలవడాన్ని నేరం చేశారు. సైనికుడు ఆ వ్యాధిని స్త్రీకి అంటిస్తే మాత్రం ఆ నిబంధన ప్రకారం నేరం కాదు. ఓటు చట్టం ఆమోదం పొందిన కొద్ది వారాలకే ఇది వచ్చింది. స్త్రీల సంఘాలు గట్టిగా ఎదిరించాయి, యుద్ధం ముగియగానే దానిని ఉపసంహరించారు.

ప్రశ్న: ఆ కాలంలో మన ప్రాంతపు స్త్రీలకు ఈ పరిణామాలతో ఏమైనా సంబంధం ఉన్నదా?
– ఒక ఉపాధ్యాయురాలు, హైదరాబాదు

సమాధానం: ఉన్నది, మీ నగరం నుంచే మొదలుపెట్టవచ్చు. హైదరాబాదు స్త్రీల యుద్ధ సహాయ సంఘం 1915 డిసెంబరు నివేదిక కోసం సరోజినీ నాయుడు ఒక ఆంగ్ల కవిత రాశారు. అందులో భారతమాత తన కొడుకులు ఫ్రాన్సులోనూ, ఈజిప్టులోనూ రాలిపోయారని చెప్పి, వారి త్యాగాన్ని మరచిపోవద్దని అడుగుతుంది. కీలీ పోస్టరు వెలువడిన సంవత్సరంలోనే వచ్చిన ఆ కవితలో కొడుకును పంపిన తల్లి లెక్క అడిగే తల్లి కూడా అయింది.

రెండేళ్ళకు సరోజినీ నాయుడు ఆ లెక్కను పార్లమెంటు రాజకీయంలోకి తెచ్చారు. ఓటు పోరాటంలో జైలుకు వెళ్ళిన ఐరిష్ వనిత మార్గరెట్ కజిన్స్ 1915లో మన దేశానికి వచ్చి స్థిరపడ్డారు. 1917లో మద్రాసులోని అడయారులో మహిళా భారత సంఘం ఏర్పడటంలో ఆమె పాత్ర ముఖ్యమైనది. అదే సంవత్సరం డిసెంబరులో, భారత వ్యవహారాల మంత్రి మాంటేగు మద్రాసుకు వచ్చినప్పుడు, సరోజినీ నాయుడు నాయకత్వంలో స్త్రీల ప్రతినిధి వర్గం ఆయనను కలిసి, రాబోయే సంస్కరణలలో ఓటు గురించి రాసేటప్పుడు స్త్రీలను కూడా ప్రజలుగానే లెక్కించాలని కోరింది. ఓటు అర్హతలను పరిశీలించిన సౌత్‌బరో కమిటీ ఒప్పుకోలేదు. 1919 చట్టం ఆ నిర్ణయాన్ని రాష్ట్రాల శాసనసభలకు వదిలేసింది. బ్రిటిష్ పాలనలోని రాష్ట్రాలలో మద్రాసు మొదట స్పందించి, 1921 ఏప్రిల్‌లో లింగభేదపు అనర్హతను తొలగించింది. బొంబాయి ఆ తరువాత వచ్చింది. కోస్తా, రాయలసీమ జిల్లాలు మద్రాసు రాష్ట్రంలో ఉండటం వల్ల అక్కడి స్త్రీలకు ఈ హక్కు అందింది. నిజాం పాలనలోని తెలంగాణకు అది వర్తించలేదు.

మద్రాసు ఇంత త్వరగా కదలడానికి కారణం యుద్ధసేవ అనుకోవడానికి వీలులేదు. భండారు అచ్చమాంబ మచిలీపట్నంలో బృందావన స్త్రీ సమాజం స్థాపించినది 1902లో. కందుకూరి వీరేశలింగం రాజమహేంద్రవరంలో మొదటి వితంతు వివాహం జరిపించినది 1881 డిసెంబరులో. సభ పెట్టడం, తీర్మానం రాయడం, విన్నపం పంపడం అలవాటైన స్త్రీలు ఈ జిల్లాలలో అప్పటికే ఉన్నారు. ఆస్తి అర్హత మాత్రం మగవారికి ఎంతో స్త్రీలకూ అంతే కావడంతో, సొంత ఆస్తి లేని సాధారణ గృహిణులకు 1921లో ఓటు రాలేదు. శాసనమండలిలో స్త్రీ అడుగుపెట్టడానికి మరో ఆరేళ్ళు పట్టింది. 1927లో నామినేట్ అయిన డాక్టర్ ముత్తులక్ష్మి రెడ్డి అక్కడ ఎత్తుకున్న పెద్ద పని దేవదాసీ వ్యవస్థ రద్దు. ఆ చట్టం పూర్తి రూపంలో మద్రాసులో ఆమోదం పొందినది 1947లో.