ఆఫీసులో కొత్తగా ఆలోచించనివ్వని బయాస్‌లని (మనకి తెలియకుండానే ఒకవైపు లాగే ఆలోచనా అలవాట్లని) మీరెలా దాటారు?

దాటాను అనలేను గానీ ఒకసారి అడ్డంగా దొరికిపోయాను, అది చెప్తా.

మా యాప్‌లో రిజిస్ట్రేషన్ ఫారం ఉండేది, మొత్తం 17 గళ్ళు, డిజైన్ చేసింది నేనే. జనం సగం నింపి వదిలేసి పోతున్నారని మీటింగ్ పెట్టారు. ఒకాయన ప్రతి గడి పక్కనా హెల్ప్ గుర్తు పెడదాం అన్నాడు, ఇంకొకరు వీడియో, మరొకరు చాట్‌బాట్, నేనేమో ఎంత నిండిందో చూపించే పట్టీ పెడదామని, పైగా దాని రంగు మీదే ఇరవై నిమిషాలు వాదించాను. గంటన్నర అయ్యాక, జాయినై రెండు వారాలు కూడా కాని ఒకమ్మాయి మెల్లగా "ఫ్యాక్స్ నంబర్ ఎందుకండీ అడుగుతున్నాం?" అంది.

ఎవ్వరూ మాట్లాడలేదు. పాత కాగితం ఫారంలో ఉంది కదా అని నేను అలాగే దించేశాను, అంతే కారణం. ఆ మాట ఒప్పుకోవచ్చు కదా, అబ్బే, నేను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు... "ఉంటే నష్టమేంటి, ఎవరికైనా పనికొస్తుంది" అన్నాను. నష్టమేంటో తేల్చడానికే కదా అందరం అక్కడ కూర్చుంది!

సీటుకొచ్చి ఒక్కో గడీ ఎవరు వాడుతున్నారో అడుగుతూ పోతే 6 మిగిలాయి. మిగతా 11 పీకేశాం. ఫ్యాక్స్ నంబర్ ఏదీ అని ఇప్పటిదాకా ఒక్కరు అడగలేదు.

ఇది నా ఒక్కడి జబ్బు కాదని తర్వాత తెలిసింది. 2021లో నేచర్ అనే సైన్స్ పత్రికలో లైడీ క్లాట్జ్ అనే పరిశోధకుడు, ఆయన తోటివాళ్ళు రాసిన పేపర్ వచ్చింది, లెగో ముక్కలతో కట్టిన బొమ్మ కట్టడం మీద పైకప్పు గట్టిగా నిలబడేలా చెయ్యమంటే, అడ్డంగా ఉన్న ఒక్క ముక్క తీసేస్తే సరిపోయేదానికి చాలామంది కొత్త ముక్కలు పెట్టారు, అదీ ఒక్కో ముక్కకి 10 సెంట్లు కట్టాలని తెలిసి కూడా. తీసెయ్యడానికి డబ్బులక్కర్లేదని విడిగా గుర్తు చేస్తే అప్పుడు ఎక్కువమంది తీశారు. నన్నడిగితే మిగతా బయాస్‌లన్నీ ఒకెత్తు, ఇదొక్కటే ఒకెత్తు.

అన్నట్టు అందరూ ఒకచోట కూర్చుని ఐడియాలు చెప్పే ఈ బ్రెయిన్‌స్టార్మింగ్ గోల ఇంకా ఎందుకు నడుస్తోందో నాకర్థం కాదు. గోడ నిండా రంగు రంగుల చీటీలు, ముందు మేనేజర్ నోరు విప్పుతాడు, ఇక మిగతావన్నీ ఆ ఐడియాకి తమ్ముళ్ళే. గుంపుగా కూర్చున్నవాళ్ళ కంటే, అంతేమంది విడివిడిగా రాసుకున్నవి కలిపితే ఎక్కువ ఐడియాలు వచ్చాయని యేల్ యూనివర్సిటీ వాళ్ళు 1958లోనే చూపించారు, అయినా మనం మార్కర్లు కొంటూనే ఉన్నాం.

ఇప్పుడు నేను చేసేది, మాటలు మొదలవ్వకముందే పది నిమిషాలు ఎవరికి వాళ్ళు రాసుకోవాలి, అందులో కనీసం ఒకటి "ఇది తీసేద్దాం" అన్నది ఉండాలి, సీనియర్లు ఆఖర్న చదవాలి. కొత్తగా చేరినవాళ్ళని మాత్రం మొదటి నెలలోనే అడిగెయ్యండి, తర్వాత వాళ్ళకీ మన కళ్ళే వచ్చేస్తాయి.

మొన్న ఆ అమ్మాయి చేసిన స్క్రీన్‌లో ఒక బటన్ తీసేద్దామా అంటే "ఉంటే నష్టమేంటండీ" అంది.