రోడ్ బైక్‌కి మొదటి క్లిప్‌లెస్ పెడల్స్: ఏవి కొనాలి, పడిపోకుండా ఎలా నేర్చుకోవాలి?

ఏడాదిగా రోడ్ బైక్ తొక్కుతున్నారు, ఆదివారాలు హైదరాబాద్ ఓఆర్ఆర్ పక్కన సైకిల్ ట్రాక్ మీద 40 కిలోమీటర్లు చేస్తున్నారు, చలికాలంలో 200 కిలోమీటర్ల బీఆర్ఎమ్‌కి (ఇచ్చిన టైమ్‌లోపు పూర్తిచేయాల్సిన లాంగ్ సైకిల్ రైడ్) వెళ్లాలనుంది. క్లిప్‌లెస్ పెడల్స్ (షూ అడుగున బిగించే క్లీట్ అనే ముక్కని పట్టుకుని పాదాన్ని కదలకుండా ఉంచేవి) వేయించాలా, వేయిస్తే ఏవి, సిగ్నల్ దగ్గర కాలు ఊడిరాకపోతే ఎలా అన్నది మీ టెన్షన్. నేను రెండేళ్లు షూకి మూడు బోల్టులతో బిగించే క్లీట్లు వాడి, తర్వాత రెండు బోల్టులవాటికి మారాను. ఇప్పటికీ వాటితోనే తొక్కుతున్నాను.

కాలు ఇరుక్కునే పెడల్‌ని క్లిప్ లేనిది అని ఎందుకంటారని కూడా అడిగారు. పూర్వం పాదం జారకుండా పెడల్ ముందు బోనులాంటి క్లిప్, దానికో పట్టీ ఉండేవి. 1984లో లుక్ కంపెనీ మంచు స్కీల బైండింగ్ పద్ధతిని పెడల్‌కి తెచ్చి ఆ బోను తీసేసింది. మరుసటి ఏడాది ఫ్రెంచ్ రేసర్ బెర్నార్డ్ ఇనో ఆ పెడల్స్‌తోనే టూర్ ద ఫ్రాన్స్ గెలిచాడు.

నా సలహా: వేయించండి, కానీ రెండు బోల్టుల ఎస్‌పీడీ రకం (షిమానో కంపెనీ పద్ధతి) వేయించండి. షాపులో రోడ్ బైక్ అనగానే మూడు బోల్టుల ఎస్‌పీడీ-ఎస్‌ఎల్ చూపిస్తారు. నాకూ అవే ఇచ్చారు. తొక్కుతున్నంతసేపూ బాగుంటాయి, పాదం కింద పెద్ద పలక ఉన్నట్టు గట్టిగా ఉంటాయి. ఇబ్బంది దిగాకే. బీఆర్ఎమ్‌లో 200 కిలోమీటర్లకి పదమూడున్నర గంటల టైమ్ ఇస్తారు. అంతసేపట్లో ఎన్నిసార్లు దిగుతారో లెక్కేసుకోండి: కంట్రోల్ (దారిలో చెక్ పాయింట్) దగ్గర స్టాంపు, టిఫిన్, నీళ్లు, పంక్చర్. ఆ ప్లాస్టిక్ క్లీట్లతో హోటల్ గచ్చు మీద కాలు జారుతుంది, కంకర మీద నడిస్తే క్లీట్ అంచులు అరిగిపోతాయి. ఎస్‌పీడీ క్లీట్ చిన్న ఇనుప ముక్క, షూ అడుగున గుంటలో దాగి ఉంటుంది. మామూలు బూట్లలా నడవొచ్చు. పైగా పెడల్‌కి రెండువైపులా బిగుస్తుంది కాబట్టి సిగ్నల్ పడగానే కిందికి చూసి తిప్పుకునే పనిలేదు.

పెడల్ కొనేటప్పుడు క్లీట్ ఏదో అడగండి. మామూలుగా వచ్చే ఎస్‌హెచ్51 మడమ పక్కకి తిప్పితేనే వదులుతుంది. ఎస్‌హెచ్56 అయితే ఇంకా కొన్ని దిశల్లో లాగినా వదులుతుంది, కొత్తవాళ్లకి అదే మంచిది. పెడల్ మీద పట్టు బిగువు మార్చే టెన్షన్ స్క్రూని మొదట పూర్తిగా లూజ్‌లో పెట్టండి. షూ సాయంత్రం పూట కొనండి, అప్పటికి పాదం కాస్త ఉబ్బి ఉంటుంది. ఎడమ పెడల్ మర అపసవ్యంగా తిరుగుతుందని మర్చిపోకండి.

ఇక భయం సంగతి. భయపడినప్పుడు మనిషి కాలు పైకి లాగుతాడు, పెడల్ వదలదు. మడమ బయటికి తిప్పాలి. ఇది తల గుర్తుపెట్టుకుంటే చాలదు, కాలికి అలవాటవ్వాలి. సైకిల్ మీద ఉండి, గోడ పట్టుకుని ఒక్కో కాలు యాభైసార్లు పెట్టి తీయండి. తర్వాత ఖాళీ మైదానంలో గడ్డి మీద. రోడ్డు మీద ఆగాల్సిన చోటికి ఇరవై ముప్పై మీటర్ల ముందే కాలు తీసేయండి, గేరు కూడా అప్పుడే తగ్గించండి. ఎప్పుడూ ఎడమ కాలే తీయండి, మన రోడ్ల మీద ఎడమవైపు అంచు, కుడివైపు బండ్లు. కాలు తీశాక సీటు మీంచి ముందుకు జారి ఒంటి బరువు కూడా ఎడమవైపే వేయండి. ఎడమ కాలు తీసి కుడివైపు ఒరిగిపోయి పడినవాళ్లని చాలామందిని చూశాను.

ఒక్క విషయం మాత్రం గట్టిగా చెప్పాలి. నేను పడింది అలవాటు లేక కాదు, బోల్టు వల్ల. క్లీట్లు ఒక షాపులో బిగించారు, నేను చెక్ చేసుకోలేదు. నెల తర్వాత వికారాబాద్ రోడ్డులో ఒక బోల్టు ఊడిపోయింది, నాకు తెలియలేదు. స్పీడ్ బ్రేకర్ దగ్గర ఆగబోతూ మడమ తిప్పితే షూ తిరిగింది కానీ క్లీట్ పెడల్‌లోనే ఉండిపోయింది. మోచేయి గీరుకుపోయింది. వెనక లారీ లేదు, అంతే. అప్పటి నుంచి క్లీట్ బోల్టులు నేనే గ్రీజు రాసి 5 నుంచి 6 న్యూటన్ మీటర్ల టార్క్‌కి బిగిస్తాను, ప్రతి లాంగ్ రైడ్ ముందురోజు అలెన్ కీతో చూస్తాను. మీకెప్పుడైనా మడమ తిరిగి పెడల్ వదలకపోతే కంగారుపడి లాగకండి. తొక్కుతూనే ఉండి, షూ పట్టీ విప్పి పాదం బయటికి తీసేయండి.

మోకాలి సంగతి కూడా. మొదటి నెలల్లో నాకు కుడి మోకాలి బయటివైపు నొప్పి వచ్చేది, క్లీట్ కొంచెం వంకరగా ఉండటమే కారణం. కుర్చీలో కూర్చుని కాళ్లు వేలాడేస్తే మీ పాదాలు సహజంగా ఎటు చూస్తాయో క్లీట్ కూడా షూని అటే ఉంచాలి. పాదం ముందుభాగంలో బొటనవేలు, చిటికెనవేలు మొదలయ్యే ఎముకల నడుమ గీత గీసుకుని క్లీట్ అక్కడ పెట్టండి. పాత గుర్తు పోకుండా మార్కర్‌తో గీసి, ఒకసారికి ఒకటి రెండు మిల్లీమీటర్లే జరపండి, రెండు మూడు రైడ్‌లు చూసి మళ్లీ. నొప్పి ఉంటే ఆ రోజు దూరం తగ్గించేయండి.

బీఆర్ఎమ్‌కి కనీసం నెలన్నర ముందే మార్చుకోండి.