ఇంటర్వ్యూ అయ్యాక కబురు రాకపోతే రిక్రూటర్‌ను ఎప్పుడు, ఎలా అడగాలి?

వారం గడిచినా కబురు రాలేదంటే మిమ్మల్ని తిరస్కరించారని అర్థం కాదు. హైదరాబాద్ ఐటీ కంపెనీలలో అభ్యర్థి నచ్చిన తరువాత కూడా జీతం ఖరారు, పై అధికారుల ఆమోదం వంటి దశలుంటాయి, వాటి వేగం చాలాసార్లు రిక్రూటర్ చేతిలో ఉండదు. వారు చెప్పిన గడువు దాటాక రెండు పనిదినాలు ఆగి, ఇంటర్వ్యూకు పిలిచిన ఈమెయిల్‌కే జవాబుగా రాయండి. పాత సందేశాలు కిందనే ఉంటాయి కనుక మీరెవరో వారు వెతుక్కోనక్కరలేదు. "నమస్కారమండీ, 12వ తేదీన జావా డెవలపర్ ఉద్యోగానికి ఇంటర్వ్యూకు హాజరయ్యాను. తదుపరి దశ ఎప్పుడో తెలియజేయగలరా?" అంటే చాలు. చేతిలో మరో ఆఫర్ ఉంటే దాని గడువు తేదీని దాచకండి, ఎందుకంటే లోపలివారిని తొందరపెట్టడానికి రిక్రూటర్‌కు నిజంగా పనికొచ్చేది అదే. రోజూ ఫోన్లు, రాత్రివేళ వాట్సాప్ సందేశాలు మాత్రం దయచేసి వద్దు.