శుక్రుడి వేడి, మా పొగాకు బ్యారన్

శుక్రుడి మీద, అంగారకుడి మీద ఉండే గ్రీన్‌హౌస్ ఎఫెక్ట్ (గాల్లోని కొన్ని వాయువులు వేడిని బయటికి పోనీకుండా పట్టి ఉంచడం) భూమికి వర్తిస్తుందా అని అడిగారు. ఎందుకు వర్తించదు? అక్కడొక సైన్సు, ఇక్కడొక సైన్సు ఉండదు. కొండపి దగ్గర మా పొగాకు బ్యారన్ (పొగాకు ఆకును వేడితో ఆరబెట్టే కొట్టు) ముందు అర్ధరాత్రి రెండింటికి మా బావతో ఇదే గొడవ పడ్డాను.

"మన శ్రీహరికోట నుంచే గదా 2013లో మంగళయాన్ అంగారకుడి దగ్గరికి పోయింది. ఆడ గాల్లో 95 శాతం కార్బన్ డయాక్సైడే. మరి మైనస్ 60 డిగ్రీల చలేంది అబ్బయా?" అన్నాడు. బాగానే పట్టాడు, కానీ శాతం వేరు, సరుకు వేరు. అక్కడి గాలి ఒత్తిడి మన దాంట్లో ఒక శాతం కూడా లేదు, అంత పల్చటి గాలిలో ఆ వాయువు వేడిని సరిగా పట్టలేదు, తోడుగా నీటి ఆవిరీ లేదు. శుక్రుడి మీదా 96 శాతమే, కాకపోతే ఒత్తిడి మనకు 90 రెట్ల పైన, నేల మీద 465 డిగ్రీలు. మా బ్యారన్ థర్మామీటర్ ఫారెన్‌హీట్ లెక్కలో దాదాపు 870. ఆకు ఈనె ఆరేటప్పుడు మేం పెట్టేది 160.

సూర్యుడికి దగ్గర కాబట్టి అన్నాడు. బుధుడు ఇంకా దగ్గర, అయినా శుక్రుడంత వేడి లేదు. పైగా శుక్రుడి మబ్బులు ఎండలో ముప్పాతిక వంతు వెనక్కి కొట్టేస్తాయి.

"పైకి చూడు బావా" అన్నా. "నిన్న రాత్రి ఆకాశం తేటగా ఉంది, రెండు దుప్పట్లు కప్పుకున్నావు. ఇవాళ మబ్బు పట్టింది, చొక్కా కూడా విప్పావు. రెండు రాత్రులూ సూర్యుడు లేడు గదా? నేల వేడిని పోనీకుండా పట్టింది ఆ మబ్బే."

అసలు గ్రీన్‌హౌస్ (మొక్కలు పెంచే అద్దాల ఇల్లు) అని పేరు పెట్టినోళ్లను అనాలి. ఆ ఇల్లు ఆపేది వేడిగాలిని, మా బ్యారన్ లాగే. బ్యారన్‌కి పైన కిటికీ తీస్తే వేడిగాలి పోతుంది. భూమికి అట్లాంటి కిటికీ లేదు, వేడి కిరణాలుగానే బయటికి పోవాలి, వాటికి అడ్డం పడేవి ఈ వాయువులు. అవే లేకపోతే సగటు మైనస్ 18 ఉండేది, ఇప్పుడు 15. గాల్లో పది లక్షల పాళ్లకి ఒకప్పుడు 280 ఉన్న కార్బన్ డయాక్సైడ్‌ని మనం 420 దాటించాం. రేపో మాపో భూమి శుక్రుడైపోతుందని టీవీల్లో బెదరగొట్టేవాళ్లంటే మాత్రం నాకు ఒళ్లు మంట. అంత అక్కర్లేదు, మే నెల ఒంగోలు ఎండకి ఇంకో రెండు డిగ్రీలు కలిస్తే చాలదా?

ఈ వాదనలో పడి పొయ్యి సంగతి మర్చిపోయాం, చూస్తే థర్మామీటర్ 180. ఆకు ఎర్రబడింది, వేలంలో గ్రేడు తగ్గించారు. బావ మాత్రం దానికీ కార్బన్ డయాక్సైడే కారణమంటాడు.