టీసీ తీసుకోకండి, లైబ్రరీ కార్డు తీసుకోండి

ప్రశ్న: మా బిడ్డకు 19 ఏండ్లు. దేవరకొండలో ఇంటర్ సెకండియర్ సీఈసీ. పోయిన వేసవిలో పెళ్లి చేశాం. ఇప్పుడు ఐదో నెల, మా దగ్గరే ఉంది. అందరూ అదోలా చూస్తున్నారని కాలేజీకి పోవడం లేదు. మార్చిలో కాన్పు అన్నారు. టీసీ తీసుకుని ఇంట్లో ఉంచమంటున్నారు మావాళ్లు. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, టీసీ మాత్రం తీసుకోకండి. పేరు కొట్టేయించుకున్నాక మళ్లీ చదువులోకి రావడం చాలా కష్టం. రేపే డాక్టరు రాసిచ్చిన కాగితంతో ప్రిన్సిపాల్‌ను కలిసి హాజరు ఎంత ఉందో అడగండి. 75 శాతం ఉండాలి. కొంత తగ్గితే కాండొనేషన్ ఫీజు కట్టించుకుంటారు. పరీక్ష ఫీజు గడువులోపే కట్టేయండి. మార్చిలో రాయలేకపోయినా వేసవిలో అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ ఉంటుంది. అదీ కుదరకపోతే ఓపెన్ స్కూల్ ఇంటర్ ఉండనే ఉంది, అందులో ఐదేళ్ల గడువు ఇస్తారు.

మరి ఇన్నాళ్లూ చదివేది ఎక్కడ? ఇంట్లో ఉంటే వచ్చిపోయే చుట్టాలతో, వాళ్ల సలహాలతోనే పొద్దుపోతుంది. నన్నడిగితే మీ ఊరి గ్రంథాలయానికి పంపమంటాను. అమెరికాలో గ్రంథాలయ సంఘం వాళ్లు ‘బోర్న్ టు రీడ్’ పేరుతో లైబ్రరీలను, వైద్య సిబ్బందిని కలిపి, చిన్న వయసులో తల్లులయ్యేవారికి పుస్తకాలు, పసిపిల్లలకు చదివి వినిపించే పద్ధతులు అందించారు. మన దగ్గర అంత ఏర్పాటు కోసం ఎదురుచూడక్కర్లేదు. ఒక కుర్చీ, ఫ్యాను, దగ్గర్లో బాత్రూమ్ ఉంటే మీ బిడ్డకు చాలు. పొద్దున పేపర్లు చదివేవాళ్లు, గ్రూప్స్‌కు ప్రిపేరయ్యే పిల్లలతో బెంచీలు నిండిపోతాయి. కాస్త ఖాళీగా ఉండే వేళ ఏదో లైబ్రేరియన్‌నే అడగండి. విషయం దాచకుండా చెప్పి, ఆడవాళ్లు కూర్చునే చోట సీటు ఇప్పించమనండి. మొహమాటం వద్దు. మీరు కట్టే ఇంటి పన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు ఉంది. మీ డబ్బుతో నడిచే చోటది.

ఎకనామిక్స్, సివిక్స్, కామర్స్‌కు తెలుగు అకాడమీ పుస్తకాలు అడగండి. లేకపోతే తెప్పించమని రాసివ్వండి. డిపాజిట్ కట్టి కార్డు తీసుకుంటే ఎనిమిదో నెల తర్వాత పుస్తకాలు ఇంటికే తెచ్చుకోవచ్చు.

ఆరోగ్యం సంగతీ చెప్పాలి. ఈ వయసు గర్భిణుల్లో రక్తహీనత, బీపీ ఎక్కువగా చూస్తాం. కళ్లు తిరుగుతుంటే చదువు ఏం తలకెక్కుతుంది? అంగన్‌వాడీలో ఆరోగ్యలక్ష్మి కింద భోజనం, గుడ్డు, పాలు ఇస్తారు. అది తిన్నాకే లైబ్రరీకి పంపండి. ఐరన్ మాత్రలు మానొద్దు. చెకప్‌కు 102 బండి వస్తుంది. మనసు బాగా కుంగినట్టు అనిపిస్తే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416కు ఫోన్ చేయించండి.

ఇది చదివే మిగతా తల్లిదండ్రులకు ఒక మాట. అమ్మాయికి 18 నిండకముందే గర్భం వస్తే అది పిల్లలపై లైంగిక నేరాల పోక్సో చట్టం కిందికి వస్తుంది. భయపడి ఆస్పత్రికి తీసుకెళ్లకుండా ఉండటం ప్రాణానికే ముప్పు. పిల్లల హెల్ప్‌లైన్ 1098కు ఫోన్ చేస్తే దారి చెబుతారు.

మీ ఉత్తరంలో అల్లుడి మాటే లేదమ్మా. ఆయన్నీ ఇందులోకి దించండి. ఫీజు కట్టడం, పుస్తకాలు మార్చి తేవడం ఆయన పని. పరీక్ష రోజుల్లో పసిబిడ్డను పట్టుకుని సెంటర్ బయట కూర్చునేది మీరా, ఆయనా అన్నది ఇప్పుడే మాట్లాడుకోండి.