కరెంటు పొయ్యి మీద కాల్చిన వంకాయ పచ్చడి

"అక్కా, మా అపార్ట్‌మెంట్‌లో కరెంటు పొయ్యి. కాల్చిన వంకాయ పచ్చడి తిని ఏడు నెలలైంది. పోపు పెడితే చాలు, అలారం మోగుతోంది. ఏం చేయను?" డాలస్‌కి కొత్తగా వచ్చిన ఓ తమ్ముడి గోడు ఇది.

ముందు అలారం సంగతి. దానికి ప్లాస్టిక్ కవర్ తొడగొద్దు, బ్యాటరీ పీకొద్దు. కుర్రాళ్లు చాలామంది చేసే పని అదే. నేను ఇంకో రకం తెలివితక్కువ పని చేశాను. వచ్చిన కొత్తలో కందిపొడి కోసం ఎండుమిరపకాయలు వేయిస్తుంటే ఇల్లంతా ఘాటు. దగ్గు ఆగక, గాలి ఆడుతుందని కారిడార్ తలుపు బార్లా తీశాను. పొగంతా అటు పోయి బిల్డింగ్ మొత్తం అలారం మోగింది, ఫైరింజన్ వచ్చింది. జనమంతా నైట్ డ్రెస్సుల్లో పార్కింగ్‌లో నిలబడితే, వాళ్ల మధ్య చేతిలో అట్లకాడతో నేను! అందుకే కిటికీ తెరువు, తలుపు కాదు. టేబుల్ ఫ్యాన్ బయటివైపు తిప్పి కిటికీలో పెట్టు. పొయ్యి మీది ఫ్యాన్‌ని నమ్ముకోకు. చాలా ఇళ్లలో అది పొగని వడకట్టి మళ్లీ మన మొహానే ఊదుతుంది.

పోపు మాడేది మన గ్యాస్ పొయ్యి అలవాటు వల్ల. గ్యాస్ కట్టేస్తే మంట ఆగిపోతుంది. కరెంటు పొయ్యి కాయిల్ కట్టేసినా ఇంకాసేపు కాలుతూనే ఉంటుంది. ఆవాలు చిటపటమనగానే మూకుడు పక్కకి దించి, ఆ వేడిలోనే ఎండుమిర్చి వెయ్యి.

ఇక వంకాయ. ఓవెన్‌లో బ్రాయిల్ అని ఉంటుంది, పైనుంచి కాలుస్తుంది. పెద్ద వంకాయకి నూనె రాసి, ఫోర్కుతో నాలుగైదు చోట్ల పొడువు. లేకపోతే పేలి ఓవెన్ గోడలకి అంటుకుంటుంది. తిప్పుతూ అరగంట కాల్చి, గిన్నెలో వేసి పది నిమిషాలు మూతపెడితే తొక్క ఊడొస్తుంది. కానీ నిజం చెప్పాలంటే, నిప్పుల మీద కాల్చిన వాసన దీనికి పూర్తిగా రాదు.

ఆ లోటు తీర్చేది చిపోట్లే. హాలపీన్యో అనే మెక్సికన్ మిరపకాయ పండాక పొగబెట్టి ఎండబెడితే చిపోట్లే. మెక్సికన్ దుకాణంలో అడోబో అనే పులుసులో నానబెట్టి చిన్న డబ్బాల్లో అమ్ముతారు. ఒక వంకాయకి ఒక్క కాయ చాలు. ఆ పులుసులో వెనిగర్ ఉంటుంది కాబట్టి చింతపండు సగం తగ్గించు.

అదే దుకాణంలో సన్నగా ఎర్రగా ఉండే ఆర్బోల్ అనే ఎండుమిర్చి దొరుకుతుంది. కారాన్ని కొలిచే స్కోవిల్ లెక్కలో 15,000 నుంచి 30,000. గుంటూరు మిర్చి అయిపోయిన రోజు పోపుకీ పొడికీ అదే దిక్కు. గ్వాహీయో అనే ఇంకో ఎండుమిర్చి రంగుకి, మన బ్యాడిగిలాగా. బుజ్జి క్యాప్సికంలా ముద్దుగా కనిపించే హాబనెరో మిర్చి జోలికి మాత్రం పోకు, అది 3 లక్షల దాకా పోతుంది.

అమెరికన్ సూపర్ మార్కెట్‌లో 'చిలీ పౌడర్' అని ఉన్నది మన కారం కాదు. అందులో జీలకర్ర, వెల్లుల్లి, ఒరెగానో కలిసి ఉంటాయి. మా రూమ్మేట్ దాంతో పప్పుచారు పెడితే పిజ్జా వాసన కొట్టింది.

చిపోట్లే డబ్బాలో మిగిలినవి ఐస్ ట్రేలో గుంటకొకటి పెట్టి ఫ్రీజర్‌లో పడెయ్యి. ఒక డబ్బా మా ఇంట్లో రెండు నెలలొస్తుంది.